కోటు లేని ఎర్రన్న

నా అచ్చు మిషను ఒకప్పుడు చెరుకు రసం మిషను. ఈ మాట చెబితే హైదరాబాదు నుంచి వచ్చే చిత్రకారులు ముందు నవ్వుతారు, తర్వాత వంగి చూస్తారు, ఆ తర్వాత దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు. రెండు ఇనుప రోలర్లు, పక్కన తిప్పడానికి ఒక పెద్ద చక్రం. చెరుకు గడ దూరే చోట ఇప్పుడు రాగి రేకు దూరుతుంది. రసం కారే చోట బొమ్మ వస్తుంది. బోధన్ బస్టాండు దగ్గర ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పడుతున్న దాన్ని బేరమాడి కొని, రోలర్ల మీది గాట్లు పోయేదాకా లేతు మిషను మీద నునుపు చేయించి, తన ట్రాక్టరులో వేసుకుని నిజామాబాదు కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందు దింపినవాడు ఎర్రన్న.

"గిండ్ల ఏం పిండుకుంటవో పిండుకో సారూ. జర తియ్యగుండేటట్టు సూడు" అన్నాడు ఆ రోజు.

నా పేరు ఆత్మారాం. డ్రాయింగు మాస్టరుగా రిటైరయ్యాను. రాగి రేకు మీద మైనం పూసి, ఆ మైనాన్ని సూదితో గీసి, రేకును తేజాబులో, అంటే యాసిడ్‌లో ముంచి, తేజాబు తిన్న గీతల్లోకి సిరా రుద్ది, తడి కాగితం మీద అచ్చు తీయడం నాకున్న పిచ్చి. "మందికి పిచ్చి పడితే గుళ్ళు తిరుగుతరు, మీకు పడితే ఇల్లంత మసి అయితది" అంటుంది మా శ్యామల. శ్యామలమ్మ నా భార్య. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన చేయి ఆమెది, నా పని ఆమెకు పని కిందే లెక్క కాదు. నాకు కోపం ముక్కు మీదుంటుందని ఊరంతా అంటారు. శ్యామల దగ్గర మాత్రం అది ముక్కు దిగి ఎక్కడికో పోతుంది.

ఎర్రన్నది కోటగిరి. నా మొదటి ఉద్యోగం అక్కడి హైస్కూల్లో. సాయంత్రాలు కాలువ గట్టు మీద కూర్చుని గీసుకుంటుంటే ఒకరోజు వెనక నుంచి ఒక గొంతు, "సారూ, మా చెరుకు తోట గీస్తున్నవా, కొలతలు తీస్తున్నవా?" అంది. తిరిగి చూస్తే తలకు తువ్వాల చుట్టుకున్న కుర్రాడు. ఎడమ కనుబొమ్మ మీద చెరుకు కత్తి గాటు, కనుబొమ్మను రెండు ముక్కలు చేసినట్టు. ఆ రోజు నుంచి ఇద్దరం గట్ల మీద తిరిగాం. చెరుకు నరికే రోజుల్లో తిరిగాం, చక్కెర ఫ్యాక్టరీ మూతబడి ఆ పొలాల్లో వరి నిండిన తర్వాత కూడా తిరిగాం. బదిలీ మీద నేను నిజామాబాదు వచ్చేసినా ఆదివారం ఆదివారం బస్సెక్కేవాణ్ణి. పొద్దున మంచులో కాలువ పక్కన నడుస్తుంటే ముందు ఎర్రన్న, వెనక నేను. పొలం గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు కదా. మంచు దట్టంగా ఉన్నప్పుడు అతని తువ్వాల ఒక్కటే కనిపించేది, దాన్ని పట్టుకుని పోయేవాణ్ణి. ఆ నడకల్లో మాటలు తక్కువ. ఏం మాట్లాడామని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేను, కానీ నా జీవితంలో నేను సుఖంగా ఉన్న పొద్దులు అవే.

పోయిన కార్తీకంలో, పొలంలో నీళ్ళు కడుతూ కడుతూ గట్టు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఈ ఏడు దసరా వెళ్ళాక కోటగిరి పోయాను. పోయేసరికి ఎర్రన్న కొడుకు ప్రేమ్ నన్ను చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఏడాది మాసికం దగ్గర పడుతోందని బాపు ఫోటో పెద్దది చేయించాడట.

"బోధన్ల పెద్ద స్టూడియో కాకా. మంచిగ చేసిండు గద?"

చూశాను. ఆధార్ కార్డు మీది తల కోసి ఎవడిదో మెడ మీద పెట్టారు. నీలం కోటు, ఎర్ర టై. వెనక జలపాతం, దాని కింద రెండు హంసలు. జన్మలో చొక్కా గుండీలు వరసలో పెట్టుకోని మనిషికి టై కట్టారు. అంతటితో ఆగారా, కనుబొమ్మ మీది గాటును మురికనుకున్నారు కాబోలు, శుభ్రంగా తుడిచేశారు. నాకు ఒళ్ళు మండింది. పిల్లవాడు ప్రేమగా చేయించాడు, వాణ్ణి ఏమంటాను? "కోటు మంచిగున్నది" అన్నాను.

ఇంకో ఫోటో లేదు. ఎవరైనా ఫోటోకని ఫోన్ ఎత్తితే చాలు, ఎర్రన్న తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. ప్రేమ్ పెండ్లి ఆల్బంలో అతను వడ్డిస్తున్న చేయిగానో, పందిరి కింద పోతున్న వీపుగానో తప్ప లేడు. అతని సొంత పెండ్లి ఫోటోను చెదలు తిన్నాయి.

నేను బయటికి వచ్చి పశువుల కొట్టం దగ్గర నిలబడ్డాను. ఎర్రన్న భార్య వసంతమ్మ చాయ గ్లాసు ఇచ్చి, పోకుండా నిలబడింది. అటూ ఇటూ చూసింది.

"అన్నా, నీకొక మాట జెప్త. ఎవ్వలకు అనకు."

"చెప్పు చెల్లె."

"ఆయన మొఖం నాకు యాదికొస్తలేదు."

నేను చాయ తాగడం ఆపాను.

"దగ్గు యాదికుంది. చెప్పుల సప్పుడు యాదికుంది. బువ్వ కలిపే చెయ్యి సుత యాదికుంది. మొఖం కాడికొచ్చేసరికి గా కోటాయన అడ్డమొస్తుండు. కండ్లు మూసుకుంటె ఆయనే, తెరిస్తె ఆయనే. నలభై ఏండ్లు కాపురం జేసిన, గిదేం పాపమన్నా?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మాసికం నాడు గా కోటాయనకు నేను బొట్టు పెట్టాలె. పెట్టిన్ననుకో, ఇగ గాయనే నిలవడిపోతడు. మా ఆయన మల్ల రాడు. నువ్వు బొమ్మలు గీస్తవు గద. ఒక్కపారి నాకు ఆయనను సూపెట్టన్నా."

"సూపెడతా చెల్లె" అన్నాను. ఇంత మాట ఇచ్చేముందు ఒక్క క్షణం ఆలోచించాలని నాకు తోచలేదు.

బస్సులో తోచింది. కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఎర్రన్న వచ్చాడు. గట్టు మీద నా ముందు నడుస్తున్నాడు. "ఎర్రన్నా" అని పిలిచాను. అతను తిరగలేదు. నా దగ్గర అతని వీపు గీసిన కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ముఖం ఒక్కటీ లేదు. గీస్తానంటే, "నన్నేంది సారూ గీసేది, నా ఎద్దును గీయి. దానికి మొఖమన్న మంచిగుంటది" అనేవాడు. ఎద్దును గీశాను. మహానుభావుణ్ణి, ఎద్దును మూడు వైపుల నుంచీ గీశాను.

ఇంటికొచ్చి కాగితాల మీద మొదలుపెట్టాను. ఒక బొమ్మ పూర్తి చేసి శ్యామలకు చూపించాను. శ్యామలకు ఎర్రన్న బాగా తెలుసు, వచ్చినప్పుడల్లా సంచి నిండా పచ్చి పసుపో, బెల్లం ముద్దో తెచ్చేవాడు.

"గీయన మన గల్లీల పాలాయన లెక్కున్నడు" అంది.

మరునాడు ఇంకోటి చూపించాను.

"గిది మీ తమ్ముడు."

ఇంకోటి.

శ్యామల చాలాసేపు చూసి, "గిది మీరే" అని వంటింట్లోకి పోయింది. నాకు ఏడుపొచ్చింది. జీవితమంతా గీతలే గీసినవాణ్ణి, ఒక్క స్నేహితుడి ముఖం చేతిలోకి రావడం లేదు. మాసికం వారంలోకి వచ్చేసింది. వసంతమ్మ కోటాయనకు బొట్టు పెట్టడానికి కుంకుమ కలుపుతున్నట్టు నాకు కళ్ళకు కట్టింది.

ఆ రోజు తుఫాను ముసురు. మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. అన్నం తిని మిషను గదిలో కూర్చున్నాను. రాగి రేకుకు మైనం పూసి, దీపం పొగకు నల్లగా చేసి ముందు పెట్టుకున్నాను. గీయాలని కాదు, చేయి ఊరుకోక. రేకుల కప్పు మీద వాన ఒకే ధాటిగా పడుతోంది. తేమ పెరిగినప్పుడు మిషను పాత ఇనుములోంచి ఇప్పటికీ చెరుకు వాసన వస్తుంది. ఎంత కిరోసిను పెట్టి తుడిచినా అది పోలేదు. ఆ వాసన పట్టుకుని ఎటో పోయాను.

తలుపు తీసిన చప్పుడు లేదు. ఎర్రన్న లోపలికి వచ్చి తువ్వాల విదిలించి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. పాదాలకు బురద ఉంది.

"ఏం పిండుతున్నవ్ సారూ?"

"నిన్నే."

"నన్ను పిండితె ఏమొస్తది, పిప్పి తప్ప?" నవ్వాడు. "సరే జల్ది కానియ్యి. నీళ్ళు కట్టాలె."

సూది అందుకున్నాను. ఎర్రన్న తువ్వాల అడ్డం పెట్టుకోలేదు. గడ్డం కొంచెం పైకెత్తి, ఒక దవడ బిగబట్టి, తల ఓ పక్కకు వంచి కూర్చున్నాడు. కళ్ళు మాత్రం నన్ను చూడటం లేదు. నా భుజం పైనుంచి వెనక్కి చూస్తున్నాయి. పెదవి ఒక మూల నవ్వు, పెద్దవాళ్ళ ముందు ఆపుకునే నవ్వు.

"ఎవర్ని సూస్తున్నవ్ ఎర్రన్నా?"

ఆ నవ్వు ఇంకాస్త విచ్చింది. నేను తిరిగి చూడలేదు. తిరిగితే పోతాడని భయం. చేయి దానంతట అది నడుస్తోంది. సూది పోయిన చోటల్లా నల్ల మైనం లోంచి రాగి మెరుస్తోంది. గాటు దగ్గరికి వచ్చేసరికి సూది కొంచెం ఆగి, కనుబొమ్మను రెండు చేసి, ముందుకు పోయింది. అతను ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. ఒకసారి దగ్గాడు కూడా. నాకు ఎంత హాయిగా ఉందంటే, ఈ వాన తగ్గకపోతే బాగుండు అనుకున్నాను.

వాన తగ్గింది. స్టూలు ఖాళీగా ఉంది. రేకు మీద ఎర్రన్న ఉన్నాడు.

నిద్రలో గీశానో మెలకువలో గీశానో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. భుజం పక్కన చోటు మిగిలింది. అక్కడ కాలువో చెరుకు తోటో పెడదామని సూది పెట్టాను, కదల్లేదు. ఏం పెట్టినా అడ్డంగానే అనిపించింది. చివరికి అడ్డగీతలు నిలువుగీతలు దట్టంగా వేసి ఆ చోటంతా చీకటి చేసి వదిలేశాను.

రేకును తేజాబులో పెట్టాను. గీతల మీద బుడగలు పుడుతుంటే కోడి ఈకతో తోస్తూ కూర్చున్నాను. పసిపిల్లకు నీళ్ళు పోసేటప్పుడు కూడా అంత మెల్లగా చేయి కదిపి ఉండను. తర్వాత మైనం కడిగి, సిరా రుద్ది, తుడిచి, తడి కాగితం పరిచి, పైన గొంగడి ముక్క వేసి చక్రం తిప్పాను. కాగితం ఒక మూల పట్టుకుని లేపుతుంటే శ్యామల లోపలికి వచ్చింది. కాగితం పూర్తిగా లేచింది.

శ్యామల గబుక్కున కొంగు భుజం మీదికి లాక్కుని, తల మీద సర్దుకుంది. ఎర్రన్న మా గడపలోకి వచ్చినప్పుడు ఎప్పుడూ అలాగే సర్దుకునేది.

"వచ్చిండు" అంది మెల్లగా.

అంతకంటే నాకేం కావాలి? ఇక ఆ బొమ్మను పట్టి పట్టి చూడలేదు. చూసినప్పుడల్లా ఆ నవ్వునే చూశాను. కంఠేశ్వర్‌లోనే ఫ్రేము కట్టించాను, ముందు అద్దం వేయించి.

మాసికం నాడు పొద్దున్నే బస్సెక్కాను. మంచు. బోధన్ దాటాక ఫ్యాక్టరీ చిమ్నీ పైసగం లేదు, మంచులో కలిసిపోయింది. ఫ్రేమును పాత దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటులో మరాఠీ ఆడమనిషి ఒకామె, "దేవుడా?" అని అడిగింది. "కాదు, దోస్తు" అన్నాను. ఆమె చేతిలోని సంచి తీసి, ఫ్రేము మూల తగలకుండా అవతల పెట్టుకుంది.

ఇంటి నిండా చుట్టాలు. వసంతమ్మ వెనక వంటల దగ్గర ఉందన్నారు. ప్రేమ్, నేను కలిసి వసారాలో దుప్పటి విప్పాం. అందరూ చుట్టూ మూగారు. నా గుండె నిండింది.

ఎర్రన్న తల్లి రాములవ్వను చేయి పట్టి తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి. కంటి ఆపరేషను అయినప్పటి నుంచి ఏదైనా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ఫ్రేము మీదికి వంగింది. పై నుంచి కిందికి చూసింది. మళ్ళీ పైకి పోయింది.

"గాటు గీ దిక్కు గాదు గద సారూ."

"ఏందవ్వా?"

"గాటు. గీ దిక్కు గాదు. చెరుకు కాడ తెగినప్పుడు పసుపు పెట్టి కట్టు కట్టింది నేను. ఎడమ దిక్కుకు. నువ్వు కుడికి పెట్టినవ్."

"అవు కాకా" అన్నాడు ప్రేమ్ మెల్లగా. "పుట్టుమచ్చ సుత గిటొచ్చింది. అంత ఉల్టా అయింది."

అచ్చులో కుడి ఎడమవుతుందని, అందుకే రేకు మీద తిరగేసి గీయాలని ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటాను! చెట్టు గీసినా, ఎద్దును గీసినా ఆ లెక్క తప్పలేదు. ఎదురుగా ఎర్రన్న కూర్చుంటే, చూసింది చూసినట్టు గీశాను. కలలోకి వచ్చిన మనిషిని తిరగేసి గీయాలని ఎవరికి గుర్తుంటుంది? శ్యామల కొంగు సర్దుకోగానే గొప్పవాణ్ణయిపోయాననుకున్నాను.

"అట్ల కాదు, ఉండుండ్రి" అన్నాను. "మనిషి ఎర్రన్ననే. పక్కలు మారినయి, గంతే. సూపెడతా."

పశువుల కొట్టం గుంజకు ఒక అద్దం కట్టి ఉంది. పెద్దది, ఓ మూల పగిలింది. ఫ్రేము ఎత్తి దాని ముందు పట్టుకున్నాను. అద్దంలో కుడి ఎడమైంది. గాటు దాని చోటుకు అది పోయింది. జనం ఒక్కసారి "ఆఁ" అన్నారు.

"గీడున్నడు నా కొడుకు" అని రాములవ్వ అద్దం మీద చేయి పెట్టి ఏడ్చింది.

"మల్ల గీస్త అవ్వా, సరిగ్గ" అన్నాను. "కొంచెం టైం పడ్తది."

అక్కడే ఉంది చిక్కు. పంతులు వచ్చి కూర్చున్నాడు. ఒక చుట్టం, "పటం ఉల్టా ఉండొద్దు, అశుభం" అన్నాడు. అతనికి ఆ శాస్త్రం ఎక్కడ దొరికిందో తెలియదు గానీ, ఉల్టా గీసింది నేనే. ప్రేమ్ నా వైపు జాలిగా చూసి, "ఇయ్యాల్టికి గా పటం పెడదాం కాకా" అని లోపలికి పోయి కోటు ఫోటో తెచ్చాడు. పీట మీద పెట్టాడు. ఎర్ర టై, జలపాతం, రెండు హంసలు. కుంకుమ పళ్ళెం దాని ముందు పెట్టారు. వసంతమ్మను పిలవమని ఎవరో కేక వేశారు. నేను ఫ్రేము పట్టుకుని కొట్టం దగ్గరే నిలబడ్డాను. ఆమెకు ఏం చూపిస్తానన్నాను, ఏం చేశాను? ఈ రోజు ఆమె చేత ఆ కోటుకు బొట్టు పెట్టించేది నేనే.

వసంతమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పీట దిక్కు చూసి ఆగింది. తర్వాత నా కోసం వెతికింది. నా దగ్గరికి వచ్చింది.

"తెచ్చినవా అన్నా?"

"తెచ్చిన చెల్లె. తప్పు గీసిన. పక్కలు మారినయి. అద్దంల సూడు, సక్కగ కనవడ్తడు" అని ఫ్రేమును మళ్ళీ గుంజ వైపు తిప్పబోయాను.

ఆమె చేయి అడ్డం పెట్టింది. బొమ్మను తన వైపే తిప్పుకుంది.

మొదట ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత ఆమె పెదవి ఒక మూల కదిలింది, బొమ్మలో ఎర్రన్న పెదవి ఎలా ఉందో అలా. పెద్దవాళ్ళ ముందు ఆపుకునే నవ్వు.

"అద్దంల సూపెట్టకు. గిట్లనే ఉండనియ్యి. గీయననే మా ఆయన."

"గాటు కుడి దిక్కున్నది గదే" అంది రాములవ్వ.

"నాకు గిట్లనే ఎర్క అత్తా." వసంతమ్మ బొమ్మ మీంచి కళ్ళు తీయకుండానే మాట్లాడింది. "పెండ్లయి వచ్చినప్పుడు ఇంటి నిండ జనముండిరి. నీ ముందట మొగని దిక్కు కన్నెత్తి సూడొద్దాయె, మాట్లాడొద్దాయె. పొద్దుగాల ఆయన గీ గుంజ కాడ గడ్డం గీసుకుంటుండె. నేను ఎనుక చెంబుల ఉడుకునీళ్ళు పట్టుకొని నిలవడుతుంటి. అద్దంలకెల్లి నా దిక్కు సూసి నవ్వేటోడు. గదవ ఎత్తి, గిట్లనే. ఏం జెప్పాలన్నా అద్దంలనే సైగ జేసేటోడు. కూర మంచిగైందనీ అంతే, సినిమాకు పోదామనీ అంతే. పిల్లలు పుట్టినంక సుత గదే అలవాటు. ముసలోల్లమయినా గంతే. ఎదురుంగ కూసుంటె మాకు మాట్లాడరాకపోతుండె." గాటు మీద అద్దం పై నుంచే వేలు పెట్టింది. "నేను సూసిన మొఖంల గాటు గీ దిక్కే ఉన్నది."

గడ్డం ఎత్తి, దవడ బిగబట్టి, నా భుజం పైనుంచి వెనక్కి చూసిన ఆ చూపు ఎవరి కోసమో అప్పుడు తెలిసింది.

రాములవ్వ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. గొంతులో కొంచెం కోపం, కొంచెం ఇంకేదో.

"నాకు తెల్వదనుకున్నవానే? గా అద్దం బోధన్ సంతల కొనుక్కొచ్చింది నేను. ఒక్క మొఖానికి గంత పెద్ద అద్దమెందుకే?"

వసంతమ్మ అత్త వైపు తిరిగి చూసింది. ఇద్దరూ అలా చూసుకోవడం ఈ ఇంట్లో మొదటిసారేమో అనిపించింది. తర్వాత రాములవ్వ తనే పీట దగ్గరికి పోయి, కోటు ఫోటోను రెండు చేతులతో తీసి మనవడికి ఇచ్చింది.

"ఇది మంచిగనే ఉన్నది బిడ్డా. లోపల పెట్టు. ఇయ్యాల పీట మీద సారు గీసిందే ఉండాలె" అంది.

పీట మీద నా బొమ్మ పెట్టారు. అశుభమన్న చుట్టం ఏదో అనబోయి, రాములవ్వను చూసి ఊరుకున్నాడు. పంతులు మంత్రం మొదలుపెట్టాడు. వసంతమ్మ కుంకుమ వేలికి అద్దుకుని ఫ్రేము ముందు నిలబడింది. బొట్టు పెట్టబోయి ఆగింది.

"అన్నా, గీ భుజం కాడ నల్లగ ఎందుకిడిసినవ్?"

"ఏం గియ్యాల్నో తోచలే చెల్లె."

"మంచిగైంది."

ఆమె అర అడుగు పక్కకు జరిగింది. కొంచెం వెనక్కి పోయింది. తల మీద కొంగు సర్దుకుంది. మళ్ళీ కొంచెం జరిగింది. ఏం చేస్తుందో మాకెవరికీ అర్థం కాలేదు. నేను ఆమె వెనక నుంచి చూశాను. ఫ్రేము అద్దంలో, ఎర్రన్న భుజం పైన నేను వదిలేసిన ఆ చీకట్లో, నెమ్మదిగా ఒక ముఖం తేలింది. చేతిలో చెంబు లేదు, అంతే. ఎర్రన్న గడ్డం ఎత్తి, దవడ బిగబట్టి, నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు. ఆమె అతని వెనక నిలబడింది.

"కనవడ్డడా చెల్లె?" అన్నాను.

"ఇద్దరం కనవడ్తున్నమన్నా" అంది వసంతమ్మ. అప్పుడు బొట్టు పెట్టింది.